మా శనివారపు షికార్లు

వినోదమనిన తోడనే మనలో ననేకులకు ధనవ్యయము జ్ఞప్తికి వచ్చును. దూరప్రయాణములు, పెద్ద భోజనశాలలు, వెలగల ఆటవస్తువులు లేనిదే పిల్లలకు సంతోషము కలుగదని తలంచువారు పెక్కురు గలరు. జీతముపై బ్రతుకు ఉపాధ్యాయుని కుటుంబమునకు అట్టివి ఏడాదికొకమారైనను సమకూరుట కష్టము. అయితే పిల్లలు ఏడాదికొకమారు గాక ప్రతివారమును ఎదుగుచుందురు. కావున వారి వినోదమును వారమునకొకమారైనను ఉండవలెనని మేము నిశ్చయించుకొని, గడచిన ఆరేండ్లుగా ఆ నియమమును పాటించుచున్నాము. అందువలన మేము తెలిసికొన్న సంగతులను ఈ పత్రికా పాఠకులకు, అందును ముఖ్యముగా ఆడపిల్లల తలిదండ్రులకు, విన్నవించుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాకు మువ్వురు కుమార్తెలు. పెద్దమ్మాయికి పండ్రెండేండ్లు, నడిపిదానికి తొమ్మిది, చిన్నదానికి ఆరు. మా నివాసము రాజమహేంద్రవరము. ఆదివారము దేవాలయమునకును, తక్కిన దినములు పాఠశాలకును పోగా, మాకు మిగులునది శనివారము మధ్యాహ్నము మాత్రమే. దానికి మేము మూడు నియమములు పెట్టుకొంటిమి. పోవలసిన చోటును ఒక్కొక్క వారము ఒక్కొక్కరు ఎన్నుకొనవలెను. ఖర్చు 200 రూపాయలకు మించరాదు. పెద్దల చేతి ఫోనులు సంచిలోనుండి బయటికి రారాదు. జమాఖర్చులు వ్రాయు పని పెద్దమ్మాయిది. ఆమె పుస్తకములో మరమరాల పొట్లము వెల సహితము తప్పిపోదు.

వర్షకాలమున బయటికి పోవుటకు వీలుపడదు గనుక మా యింటి నడవయే అప్పుడు మాకు విహారస్థలమగును. సుద్దముక్కతో గడులు గీచి, నాలుగు గవ్వలతో అష్టాచెమ్మా ఆడుదుము. చింతగింజలతో వామనగుంటలు ఆడుదుము. చిన్నదానికి ఇంకను కూడికలు సరిగా రావు. అయినను ఏ గుంటలోని గింజలు పంచిన తుది గింజ ఎక్కడ పడునో అది మాకంటె ముందుగా చెప్పగలదు. ఆ పూట పెసరట్లు వేయు పని మాది. పిల్లల తల్లి పీటపై కూర్చుండి తీర్పు చెప్పును. మొదటి అట్టు చిరుగక పెనమును విడిచివచ్చిన దినము ఇంతవరకు లేదు.

వరద దినములలో మాకు మరియొక ఆట గలదు. ధవళేశ్వరము ఆనకట్టకడ నీటిమట్టము దినదినమును పత్రికలలో ప్రకటింపబడును. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. మరునాటి మట్టమెంతయుండునో ఒక్కొక్కరము ఒక్కొక్క అంకె చెప్పుదుము. దగ్గరగా చెప్పినవారికి మొదటి పెసరట్టు, అనగా చిరిగినది, బహుమానము. అక్కను మూడుమారులు ఒకరిపైనొకరుగా నిలిపినను మూడవ హెచ్చరికకు చాలదని నడిపిది ఒకనాడు లెక్కగట్టి చెప్పెను. అది నది లోతు కాదనియు, కొలబద్దపై నీరు చేరు గుర్తు మాత్రమే యనియు వివరించితిమి. 2022 జులైలో నీరు మూడవ హెచ్చరికను దాటినప్పుడు మాత్రము ఈ ఆటను మానితిమి. లంకలలోనివారు ఇండ్లు విడిచి గట్లకు చేరుచుండగా మనము అంకెలతో ఆడుకొనరాదని పెద్దమ్మాయియే చెప్పెను.

వర్షములు వెనుదీసిన తరువాత మా పిల్లలకు మిక్కిలి ప్రియమైన షికారు ఏదనగా, గోదావరి స్టేషనులో పాసింజరు బండి యెక్కి, నది దాటి, కొవ్వూరులో దిగి, మరల వచ్చు బండిలో తిరిగివచ్చుట. అది స్వల్ప ప్రయాణమే గాని నదిపై నున్నంతసేపును కిటికీకడ చోటుకై వాదము తప్పదు. గోదావరిపై ఇక్కడ మూడు రైలు వంతెనలు గలవు. మొదటిది 1900లో తెరువబడి 1997 వరకు బండ్లను మోసి విశ్రాంతి గొన్నది. రైలును రోడ్డును ఒక్కటిగా మోయు రెండవది 1974లో వచ్చినది. కమానుల వంతెన 1997లో వాడుకకు వచ్చినది. ఒకనాడు మా బండి కమానుల వంతెనపై పోవుచుండగా నడిపిది కమానులను లెక్కించి 28 అనెను. మరియొక వారము గట్టుమీద కూర్చుండి పాత వంతెన ఖానాలను లెక్కింపబోయి, ఒకమారు 54 అనియు ఒకమారు 57 అనియు చెప్పి అలసిపోయెను. ఇంటికి వచ్చి పుస్తకమున చూడగా 56 అని తేలెను. అప్పుడా పిల్ల కొంతసేపు ఊరకుండి, “నాన్నగారూ, 28కి రెట్టింపు 56 గదా! నది ఒక్కటే అయినప్పుడు ఖానాలు సగమెట్లు చాలినవి?” అని అడిగెను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదువునాడు, మంచి పాఠము బిడ్డ నోటనుండి ప్రశ్నగా పుట్టవలెనని మా గురువులు బోధించుచుండిరి. ఆ మాట మాకు జ్ఞప్తికి వచ్చినది. కావున వెంటనే జవాబు చెప్పక, రెండు పుస్తకములపై ఒక కాగితమును అడ్డముగా పరచి దానిపై అగ్గిపెట్టె నుంచుమంటిమి. కాగితము కుంగిపోయెను. దానినే కమానువలె వంచి, రెండు కొనలు జరుగకుండ పుస్తకములతో అదుముమంటిమి. ఈసారి అది అగ్గిపెట్టెను మోసెను. “వంతెనకు ఈ పుస్తకములెక్కడివి?” అని చిన్నది అడుగగా, కమాను రెండు కొనలను క్రిందనున్న దూలము వింటికి నారివలె బిగించి పట్టియుండుననియు, అందుచేత ఒక్కొక్క ఖానా అంత దూరము సాగగలిగెననియు చెప్పితిమి. ఆ దినము మాకైన వ్యయము ఒక కాగితము.

ఇట్లు జరుగుచుండగా పోయిన జనవరిలో మా మేనత్తగారు కంటి శుక్లములు తీయించుకొనుటకై గ్రామమునుండి వచ్చి, మా యింట రెండు నెలలుండిరి. పిల్లలు ఆమెను మామ్మగారని పిలుతురు. ఆమె డెబ్బదియేండ్లు దాటిన పెద్దమనిషి, మమ్మెత్తి పెంచిన తల్లివంటిది. ఒక శనివారము మేము బయలుదేరుచుండగా ఆమె మమ్ము ప్రక్కకు పిలిచి, “అబ్బాయీ, చిన్నపిల్లల సంగతి సరే. పెద్దదానికి పైట వేసే యీడు వచ్చినది. ఇంకను గట్లవెంట త్రిప్పుచున్నావేమిరా? నలుగురు ఏమనుకొందురు? ఇక నింటిపట్టున నుండి పని నేర్చుకొననిమ్ము” అనిరి. పెద్దల మాటకు ఎదురుచెప్పుట మాకు అలవాటు లేదు. “సరే అత్తయ్యగారూ, ఆలోచించెదము” అని మాత్రమంటిమి.

ఆ మాటలు పెద్దమ్మాయి చెవినిబడినట్లున్నవి. మరుసటి శనివారము ఆమె ఖర్చుల పుస్తకమును చెల్లెలిచేతికిచ్చి, “నాకు వ్రాతపని యున్నది, మీరు పోయి రండు” అని తలవంచుకొని చెప్పెను. అట్లు రెండు వారములు గడచెను. చెల్లెండ్రకు షికారు రుచింపలేదు. మొక్కజొన్న పొత్తులు కొన్నను, అక్కకొకటి తీసి ఉంచి, తమవి సగము తిని విడిచిరి. ఆ రాత్రి పిల్లల తల్లి మాతో, “దానిని ఎవ్వరును ఆపలేదు. అదియే ఆగిపోయినది. ఇదియే నాకు భయము” అనెను. ఆ మాట నిజము. తలుపు మనము మూయనక్కరలేదు. నలుగురు ఏమనుకొందురో యను మాట ఒక్కమారు చెవినిబడిన చాలును, పిల్ల తనంతట తానే తలుపు మూసికొనును.

మూడవ వారము ఎన్నిక వంతు పెద్దమ్మాయిది. వంతును ఎవ్వరును వదలుకొనరాదని చెప్పి, ఆ దినమునకు ఆమెనే పెద్దను జేసితిమి. దారి, టిక్కెట్లు, తిండి, తిరుగుప్రయాణము, సమస్తమును ఆమెయే చూడవలెను. ఆమె కొంతసేపాలోచించి, “ధవళేశ్వరము పోదము. మామ్మగారిని కూడ తీసికొనిపోదము” అనెను. మామ్మగారు మొదట ఒప్పుకొనలేదు. మనుమరాలు చేయిపట్టుకొని బ్రతిమాలగా, “మందు వేసిన కన్నులు, దుమ్ము పడునేమో” యని గొణుగుచునే నల్లకండ్లజోడు పెట్టుకొని బయలుదేరిరి.

ధవళేశ్వరము మాకు ఎనిమిది కిలోమీటర్ల దూరము. ఆర్థరు కాటను దొరగారు 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తిచేయించిరి. ఇప్పుడు నీటిని ఆపుచున్న బ్యారేజి 1982లో పూర్తియైనది, దానికిని ఆయన పేరే పెట్టబడినది. నది ఇక్కడ లంకలచేత పాయలుగా చీలియుండుటచే ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములకడ నాలుగు భాగములుగా కట్టవలసివచ్చినది. ఇవన్నియు పెద్దమ్మాయి ప్రదర్శనశాలలో చూచి చెల్లెండ్రకు చెప్పుచుండగా మేము వెనుక నడచితిమి. అక్కడ మేము చెప్పినది ఒక్కటే. కాటను దొరగారు 1899లో గతింపగా, మరుసటి యేడు 1900లో ఆయన జీవితచరిత్రను పుస్తకముగా ప్రకటించినది ఆయన కుమార్తె లేడీ హోప్. ఆనకట్ట పని మొదలైన నాటికి ఆమె నాలుగైదేండ్ల పసిది. పాత వంతెన తెరచిన సంవత్సరమును అదియే గదా యని నడిపిది సంతోషించెను. పెద్దమ్మాయి మాత్రము, “అయితే నాన్నగారి సంగతి కూతురే వ్రాసినదా!” అని మెల్లగా ననెను.

తరువాత తూర్పు కాలువ తలుపులకడకు వచ్చితిమి. నది నీరు గోదావరిని విడిచి కాలువలో దుముకు చోటది. మామ్మగారు కటకటాలు పట్టుకొని చాలసేపు చూచిరి. ఈ నీరెక్కడికి పోవునని అడిగిరి. “మీ ఊరికే మామ్మగారూ. మీ యింటి ముందరి కాలువ యిదే” అని పెద్దమ్మాయి చెప్పెను. ఆమె కండ్లజోడు తీసి మరల చూచిరి. “డెబ్బదియేండ్లుగా ఈ నీరు త్రాగితిని, ఈ నీట బట్టలుతికితిని, వరి నాటించితిని. ఇది యెక్కడ బయలుదేరునో చూడలేదు. మా నాయనగారు అన్నదమ్ములను బండిలో తీసికొనివచ్చి చూపించిరి. నాకప్పుడు పండ్రెండేండ్లు. ఆడపిల్లకేలనని నన్ను దింపివేసిరి” అనిరి.

మేమందరమును మాటలాడక నిలుచుంటిమి. పెద్దమ్మాయి ఆమె చేయి పట్టుకొని, ఈ యూరిలోనే 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాలికలకై పాఠశాల పెట్టిరని చెప్పెను. మామ్మగారు వ్రేళ్లు ముడిచి లెక్కించుకొని, “నేను పుట్టుటకు ఎంతో ముందే గదా! మా వాకిటివరకు మాత్రము రాలేదు” అని నవ్విరి. పిమ్మట గట్టున చింతచెట్టు నీడను కూర్చుండి, పులిహోర పొట్లములు విప్పి, తానే అందరికిని పంచిపెట్టిరి. పెద్దదానిని గూర్చి ఆమె మరల నేమియు అనలేదు. తన యూరికి మరలిపోవు దినమున మాత్రము, “అబ్బాయీ, వరి కోతలు కాగానే పిల్లలను పంపుము. ఆ నీరు మా యూరికి వచ్చు దారియంతయు దానికి చూపింతును” అనిరి.

ఆడపిల్లల తలిదండ్రులకు మేము చెప్పదలచినది ఇంతే. పిల్లకు పండ్రెండేండ్లు వచ్చుచుండగనే దానికి ప్రపంచము చూడవలెనను కోరిక హెచ్చును, చూచినదానిని గ్రహించు శక్తియు హెచ్చును. సరిగా ఆ సమయముననే మనలో పలువురు దాని షికార్లు మాన్పింతురు. వంటయు ఇంటిపనియు నేర్పవలదని మేమనము, అవి మగపిల్లలకును నేర్పదగినవే. భద్రత విచారింపవలదనియు అనము. దానికై తల్లియో తండ్రియో వెంట నడువవలెను గాని పిల్లను గదిలో నుంచుట ఉపాయము కాదు. పెద్దదైన కొలదిని ఆమెకు దారి చూపు పని అప్పగింపుడు. టిక్కెట్టు కొననిండు, దారి అడుగనిండు, లెక్క వ్రాయనిండు. రేపు దూరపు కళాశాలకు పోవలసివచ్చినప్పుడు ఆ ధైర్యము ఒక్కదినమున పుట్టదు.

విద్యార్థులారా, మీకును ఒక మాట. మీ యింట ఎన్నడును షికారు చేయని అమ్మమ్మగాని మామ్మగాని యుండవచ్చును. రాబోవు సెలవునాడు ఆమెను ఎక్కడికి పోవలెనని యున్నదో అడుగుడు. ఆమె “ఇప్పుడెందుకురా” యనును. మరియొకమారు అడుగుడు.

మా ఖర్చుల పుస్తకములో ఆ శనివారమునకు ఎదురుగా పెద్దమ్మాయి ఇట్లు వ్రాసినది: “ధవళేశ్వరము. ఆరుగురము. పులిహోర ఇంటిది. మొత్తము 170 రూపాయలు. మిగులు 30. పై వారమునకు జమ.”