జెండా మీదా లేదు, డాలు మీదా లేదు

నేను పాత వీడియో గేములు సేకరిస్తాను. ఈ మాట వింటే అమ్మీ నెత్తి కొట్టుకుంటుంది, నలభై దాటినోడికి ఈ పిల్లల ఆటలేంటని. సాహిత్య మిత్రులేమో వింతగా చూస్తారు. నా ఇంట్లో పాత అత్తరు సీసాలో, తాతలనాటి ఉర్దూ కితాబులో ఉంటాయని వాళ్ళ ఊహ. బిర్యానీ, గజల్, అత్తరు. మేం దాచుకునే వస్తువులేమిటో కూడా వాళ్ళకు ముందే తెలుసు! నేను దాచుకున్నవి మాత్రం ప్లాస్టిక్ క్యాసెట్లు. వాటిల్లో కూడా నేనెక్కడున్నానో వెతుక్కోవాల్సి వచ్చింది. అదే చెప్పాలనుకుంటున్నా.

1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ ఫామికామ్ అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. దాని నకళ్ళు తొంభైల్లో మన ఊళ్ళకు 'టీవీ గేమ్' పేరుతో వచ్చాయి. కరీంనగర్‌లో మా గల్లీకి వచ్చిందీ నకలే. క్యాసెట్ మీద తొంభైతొమ్మిది ఆటలని రాసి ఉండేది. తీరా చూస్తే ఏడెనిమిదే. మిగతావన్నీ పేర్లు మార్చుకున్న అవే ఆటలు. మారియో, కాంట్రా, బాతుల్ని కాల్చే డక్ హంట్, ట్యాంకుల బ్యాటిల్ సిటీ.

బ్యాటిల్ సిటీ 1985 నాటి ఆట. ఇద్దరు కలిసి ఆడొచ్చు. తెర అడుగున ఇటుకల గోడ, గోడ మధ్యలో గద్ద గుర్తు. దాన్ని కాపాడాలి. పసుపు ట్యాంకు ఎదురింటి దోస్తుది. ఆకుపచ్చ ట్యాంకు నాది. పచ్చరంగు చూసి ఎవడూ ఏమీ అనలేదు. ఇటుక పగిలితే ఇద్దరి గుండే గుభేలుమనేది. శత్రువుకు పేరు లేదు, మతం లేదు, దేశం లేదు. ఆ కోట ఇద్దరిదీ. నువ్విక్కడివాడివేనా అని నా ట్యాంకునెవడూ అడగలేదు.

పేరున్న శత్రువు తరవాత వచ్చాడు.

మా చిన్న మామూ కువైట్‌లో డ్రైవర్. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించుకుంది. అక్కడ చిక్కుకున్న మనవాళ్ళను, 1,70,000 మంది దాకా, అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్ళలో మామూ ఒకడు. చేతిలో ఒక్క సంచి. రెండేళ్ళకు మళ్ళీ బతుకుదెరువుకి జిద్దా పోయాడు. సెలవుకొస్తూ సెగా మెగా డ్రైవ్ తెచ్చాడు. దాంతో వచ్చిన క్యాసెట్లలో ఒకటి డెజర్ట్ స్ట్రైక్. గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటేడు, 1992లో వచ్చిన ఆట. మనం అమెరికా అపాచీ హెలికాప్టర్‌లో ఎడారి మీద తిరగాలి. కిల్‌బాబా అనే జనరల్‌ని మట్టుబెట్టాలి. కింద ఇసుకలో చీమలంత మనుషులు తుపాకులు పట్టుకుని తిరుగుతుంటారు. ఆట బాగుంటుంది. ఇంధనం చూసుకోవాలి, గుండ్లు లెక్కపెట్టుకోవాలి. నాకిప్పటికీ ఇష్టమే.

మామూ నా వెనక మంచమ్మీద కూర్చుని చాలాసేపు చూశాడు. చూసి చూసి, "ఇస్‌మే హమ్ కిధర్ హై రే?" అన్నాడు. ఇందులో మనమెక్కడున్నాం? హెలికాప్టర్‌లోనా, కింద ఇసుకలోనా? ఆ ఎడారిలో బండి తోలి అన్నం తిన్న మనిషి అడిగిన ప్రశ్న అది.

1995లో అదే యంత్రానికి బ్రయన్ లారా క్రికెట్ వచ్చింది. దోస్తులు జట్లు పంచుకునేవాళ్ళు. నన్నడక్కుండానే నాకు పాకిస్తాన్ ఇచ్చేసేవాళ్ళు. "నీ టీమే కదరా సాయిబూ!" కోపంతో కాదు, నవ్వుతూనే. నేను ఇండియా తీసుకుంటానంటే మాత్రం కొత్తగా చూసేవాళ్ళు. ట్యాంకుల ఆటలో పుట్టని ప్రశ్న దేశాల పేర్లు రాగానే పుట్టుకొచ్చింది.

ఇప్పుడు వీలున్న ఆదివారమల్లా ఎర్రగడ్డ సంతలో తిరుగుతాను. తుప్పుపట్టిన ఫ్యాన్లు, తెగిపోయిన వైర్ల మధ్య ఒక క్యాసెట్ కనబడితే ప్రాణం లేచొస్తుంది. చిన్నప్పుడు క్యాసెట్ పనిచెయ్యకపోతే నోటితో ఊదేవాళ్ళం. ఊదితే తడి తగిలి లోపలి లోహపు పళ్ళు పాడవుతాయి. ఇప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడుస్తాను. ఆల్కహాల్ అని వినగానే అమ్మీ "తౌబా తౌబా" అంది! డక్ హంట్ తుపాకీ ఈనాటి పల్చటి టీవీలతో పనిచెయ్యదు. అందుకని అందరూ పారేసిన డబ్బా టీవీని నేను మోసుకొచ్చాను. కొన్ని క్యాసెట్లలో గుండీలాంటి బ్యాటరీ ఉంటుంది. ఎక్కడిదాకా ఆడామో అది గుర్తుపెట్టుకుంటుంది. బ్యాటరీ చస్తే జ్ఞాపకమూ పోతుంది. చచ్చేలోపు మార్చుకోవాలి.

నేను ఏళ్ళ తరబడి వెతికిన క్యాసెట్ ఒకటుంది. లెజెండ్ ఆఫ్ జెల్డా వరసలో ఓకరీనా ఆఫ్ టైమ్. నింటెండో 64 యంత్రానికి 1998లో వచ్చింది. అందులో అగ్ని ఆలయం అనే చోట సంగీతంలో అరబ్బీ పఠనం వినిపిస్తుంది. తరవాతి ముద్రణలో దాన్ని తీసేసి వేరే సంగీతం పెట్టారు. అందుకే సేకరించేవాళ్ళకు మొదటి ముద్రణ అంటే మోజు. మా గొంతు 'అరుదైన సరుకు' అయి కూర్చుంది.

అదే ఆటలో గెరూడో అని ఎడారి దొంగల జాతి ఉంది. ఆట మొత్తానికి ప్రతినాయకుడైన గానన్‌డార్ఫ్ ఆ జాతికే రాజు. వాళ్ళ గుర్తు ఏంటనుకున్నారు? నెలవంక, చుక్క. దొంగలకి ఏ జెండా ఇవ్వాలో ఎక్కడైనా ఇట్టే తెలిసిపోతుంది!

ఇక్కడితో ఆగితే నా కథ మీకు తెలిసిన కథే. కానీ ఆట ముందుకు ఆడండి. రాజుకు ఎదురుతిరిగి హీరోకి తోడొచ్చే నబూరు కూడా ఆ జాతి ఆడమనిషే. ఎడారి గుడిలో హీరోకి ఒక అద్దపు డాలు దొరుకుతుంది. దాంతో వెలుగుని తిప్పితేనే తలుపులు తెరుచుకుంటాయి. ఆ డాలు మీదా అదే నెలవంక, అదే చుక్క. మామూ అడిగిన ప్రశ్నకు నాకు మొదటిసారి దొరికిన జవాబు అది. మనం దొంగల జెండా మీదా ఉన్నాం, హీరో చేతిలోనూ ఉన్నాం.

గేమ్‌క్యూబ్ యంత్రానికి మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ గుర్తు మార్చేశారు. 2011లో త్రీడీఎస్ కోసం కొత్తగా చేసినప్పుడూ అంతే. ఇప్పుడు జెండా మీదా లేదు, డాలు మీదా లేదు.

మా ఖాలా కొడుకు, అయిదు పూటలా నమాజు చేసేవాడు, "పఠనం తీసెయ్యడమే మంచిది భాయ్, అల్లా మాట ఆటలో వాయిద్యమా?" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. నేను కాదనను. ఒక లౌకికవాద మిత్రుడు, "ఆటలోంచి మతచిహ్నం పోతే నీకు బాధేంటి?" అన్నాడు. ఆ మాట దగ్గర మాత్రం ఆగాను. ఇదే జెల్డా వరసలో మొదటి ఆట 1986లో వచ్చింది. అందులో హీరో డాలు మీద శిలువ ఉంటుంది. తరవాతి ఆటల్లో శిలువ వాడటం మానేశారు, నిజమే. కానీ ఆ మొదటి ఆటను మళ్ళీ మళ్ళీ విడుదల చేసినప్పుడు డాలు మీది శిలువను ఎవరూ గీకెయ్యలేదు. అది పాత జ్ఞాపకంగా మిగిలింది. మాది గీకేశారు. ఒకరి గుర్తు చరిత్ర అవుతుంది, ఇంకొకరిది ఇబ్బంది అవుతుంది.

మిత్రులారా, ఇది మీకు జపాన్ ముచ్చటలా అనిపిస్తోందా? మన సినిమాలు గుర్తు తెచ్చుకోండి. వచ్చీరాని తెలుగు మాట్లాడే సాయిబు, బాంబు పెట్టే సాయిబు, హీరో కోసం ప్రాణాలిచ్చే మంచి సాయిబు. అభ్యంతరం చెప్పామంటే తరవాతి సినిమాలో సాయిబే ఉండడు. గొడవెందుకని తీసేస్తారు. చెడ్డగా చూపించడం, అసలు చూపించకపోవడం. ఈ రెండింటి మధ్య మూడో దారి ఎవరికీ తోచదు. ఆ లేకపోవడానికి మీరు లౌకికత్వం అని పేరు పెట్టుకుంటారు.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఆటలు తయారుచేసే కంపెనీలున్నాయి. ఆ పని నేర్చుకుంటున్న పిల్లలు నా దగ్గరికి పాత యంత్రాలు చూడ్డానికొస్తారు. వాళ్ళకు రెండు ముద్రణలూ పక్కపక్కన పెట్టి ఆడిస్తాను. మా గుర్తున్నదీ, లేనిదీ. గానన్‌డార్ఫ్‌నీ దాచను, నబూరునీ దాచను. వాళ్ళను ఒకటే అడుగుతాను. మీ ఆటలో మా పిల్లను పెట్టండి. ఆమె దేశభక్తి రుజువు చేసుకోనక్కర్లేదు, చచ్చిపోనక్కర్లేదు. గోడ దూకి, నాణేలు ఏరుకుని, పాముని తప్పించుకుని ఇంటికి చేరితే చాలు. ఆడేవాడు ఎవరైనా కానీ, ఆమె గెలవాలని మీట గట్టిగా నొక్కాలి.