గాయం మానింది, గుబులు మానలేదు

పొద్దున్నే విజయవాడలో బయలుదేరే పినాకినీ ఎక్స్‌ప్రెస్సులో ఒకరిద్దరు ఆడవాళ్ల ఒళ్లో రిపోర్టులు, ఫిల్ములు కుక్కిన సంచీ కనిపిస్తుంది. కావలి దాకా కబుర్లు బాగానే సాగుతాయి. పెన్న వంతెన దాటి నెల్లూరు వచ్చేసరికి మాట తగ్గుతుంది. సూళ్లూరుపేట దగ్గర టిఫిను డబ్బా మూత తీస్తారు గాని, ఇడ్లీ గొంతు దిగదు. వీరు కొత్త రోగులు కారు. రొమ్ము కాన్సరుకు ఆపరేషను జరిగి ఆరేళ్లో, ఎనిమిదేళ్లో అయినవారు. ఏడాదికోసారి చేయించుకునే పరీక్షకు మద్రాసు వెళుతున్నారు. ఊరికి చెన్నై అని పేరు మారినా మనవాళ్ల నోట అది మద్రాసే!

సెంట్రల్‌లో దిగి ఆటోలో వెళితే అడయారు కాన్సర్ ఇన్‌స్టిట్యూట్. పాత ఆవరణ పక్కన పారేది మన నెల్లూరు తీరం వెంబడి వచ్చే బకింగ్‌హాం కాలువే. తన చెల్లెలిని కాన్సరు పొట్టన పెట్టుకుంటే, ఆ బాధలోంచి డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి పట్టుబట్టి సాధించిన ఆసుపత్రి ఇది. 1954లో 12 పడకలతో మొదలైంది. మరుసటి ఏడు చేరిన డాక్టరు శాంత 2021లో కన్నుమూసేదాకా ఇక్కడే సేవ చేశారు. ఆ తొలి రోజుల్లో రోగి బతికి బయటపడటమే గొప్ప. ఈనాడు తొలి దశలో కనిపెడితే చాలామంది బతుకుతున్నారు. మరి బతికినవారి మనసు సంగతేమిటి? దానిని చూడటానికి ఇక్కడ ప్రత్యేక విభాగమే ఉంది.

కాని అసలు వైద్యం కొంత వరండాలోని బల్లల మీదే జరుగుతుందని నాకనిపిస్తుంది. "మీకెన్నేళ్లయిందమ్మా?" అన్నది అక్కడి పలకరింపు. తెనాలి నుంచి వచ్చిన ఒకావిడ నాతో అన్నది: "ఇంట్లో అందరూ గండం గడిచిందంటారు డాక్టరుగారూ! పరీక్ష నెల రాగానే నాకు నిద్ర పట్టదు. చెబితే వాళ్లు బెంబేలెత్తుతారని చెప్పను." ఇంట్లో ఎనిమిదేళ్లుగా దాచిన మాటను పక్కనున్న పరాయి మనిషికి అయిదు నిమిషాల్లో చెప్పేసింది.

ఈ భయం పిరికితనం కాదు, పిచ్చి అంతకంటే కాదు. చికిత్స ముగిశాక కొందరిలో క్రమంగా తగ్గవచ్చు. కొందరిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. చంకలో కాస్త నొప్పి వచ్చినా, తెలిసినవారు ఎవరైనా పోయినా మళ్లీ తలెత్తుతుంది. కొందరు రోజుకు పదిసార్లు తడిమి చూసుకుంటారు. మరికొందరు పరీక్షకు వెళ్లడమే మానేస్తారు. రెండూ భయానికి రెండు ముఖాలే. రొమ్ము తీసేసిన తరువాత అద్దం ముందు నిలబడలేక, పెళ్లిళ్లకు వెళ్లలేక, భర్తకు దూరంగా మసలుతూ లోలోపల కుమిలిపోయేవారూ ఉన్నారు.

ఇంట్లోవారు "అయిపోయిందిగా, ఇంకా ఏం దిగులు?" అనకండి. ఆ మాటతో ఆమె నోరు మూతపడుతుంది. "పరీక్ష దగ్గరపడింది, ఎలా ఉంది?" అని అడగండి. చెప్పింది వినండి. సలహా అక్కరలేదు. కాన్సరు అంటువ్యాధి కాదు కనుక కంచం, గ్లాసు వేరుపెట్టవద్దు.

దిగులు రెండు వారాలకు మించినా, నిద్ర, ఆకలి చెడినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరుకు చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. మాటలతో చేసే చికిత్స, మందులు రెండూ ఉన్నాయి. రోజూ అరగంట నడక కూడా మేలు చేస్తుంది. ఒక్క జాగ్రత్త: టామాక్సిఫెన్ వాడుతున్నవారు ఆ సంగతి మానసిక వైద్యుడికి తప్పక చెప్పాలి. దిగులుకిచ్చే మందుల్లో పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ వంటివి దాని పనిని తగ్గించవచ్చు. వేరే మందులు ఉన్నాయి. ఏ మందునూ మీ అంతట మీరు ఆపవద్దు.

దగ్గరలో మానసిక వైద్యుడు లేకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు, అంటే 14416 నంబరుకు, ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు రొమ్ము గురించి, చెయ్యి వాపు గురించి చెప్పి ఊరుకోకండి. "నాకు నిద్ర పట్టడం లేదు" అన్న మాట కూడా చెప్పండి. డాక్టరుకు అదీ అవసరమైన రిపోర్టే.