కళ్ళు కలవని సమావేశం

2020 మార్చి 25న దేశవ్యాప్తంగా లాక్‌డౌన్ అమలులోకి వచ్చిన తరువాత, ఆర్.కె. పురంలో మలై మందిరం గుట్ట కనిపించే మా ప్రభుత్వ క్వార్టరులో భోజనాల బల్లే నాకు కార్యాలయమైంది. పాత దస్త్రాల భద్రతపై ఒక ముసాయిదా నివేదికను ఏడుగురం ఎవరి ఇంట్లో వారు కంప్యూటరు ముందు కూర్చొని, కలిసి సరిదిద్దుతున్నాము.

వీడియో కాన్ఫరెన్సు అనే మాట తెలుగువారికి అంతకు ఇరవై ఏళ్ళ క్రితమే పరిచయం. 1990ల చివర ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు హైదరాబాదు నుండి జిల్లా కలెక్టర్లతో జరిపిన సమీక్షలను గూర్చి విద్యార్థినిగా పత్రికలలో చదివేదాన్ని. అక్కడ అడిగేవారొకరు, చెప్పేవారు పలువురు. కలిసి ఒక కాగితాన్ని దిద్దడం వేరు పని.

మూడవ సమావేశంలో అందరికంటే పిన్నవాడైన సహోద్యోగి "మేడమ్, ఈ పట్టికలో..." అన్నాడు. అదే క్షణాన నేనూ మాట్లాడాను. అతడు ఆగిపోయాడు. ఒకే కట్టలను రెండుసార్లు లెక్కించిన ఆ పట్టిక అలాగే పైకి వెళ్ళింది. తరువాత ఫోనులో అడిగితే, "మీరు నావైపే చూస్తూ ముందుకు సాగారు, వద్దన్నారనుకున్నాను" అన్నాడు. నిజానికి నేను చూస్తున్నది కెమెరావైపు. అతని ముఖం నివేదిక పుటల వెనుక ఎక్కడో ఉండిపోయింది.

లోపం చాలవరకు పరికరపు నిర్మాణంలోనిదే. కెమెరా తెరకు పైన ఉంటుంది. ముఖాన్ని చూస్తే చూపు వాలినట్లుంటుంది. కెమెరాను చూస్తే ప్రతివారికీ తమనే చూస్తున్నట్లు తోస్తుంది. మొగలు దర్బారులో మన్సబును బట్టి నిలబడిన అమీర్లకు పాదుషా చూపు ఎవరిపై నిలిచిందో తెలిసేది. (చరిత్ర చదివినవారికి దర్బారు గుర్తుకు రాక తప్పదు!) ఈ తెరమీద అది తెలియదు. మాట చేరడంలో జాప్యం తోడైతే ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు. తగ్గేది చిన్న ఉద్యోగే.

1990ల తొలినాళ్ళలోనే దీనిని గుర్తించినవారున్నారు. టొరంటో విశ్వవిద్యాలయంలో రూపొందిన 'హైడ్రా'లో ఒక్కొక్క వ్యక్తికి బల్లమీద విడివిడిగా చిన్న తెర, కెమెరా, స్పీకరు ఉండేవి. ఎవరివైపు తల తిప్పితే వారికి తెలిసేది. జపానులో హిరోషి ఇషీ, మినోరు కొబయాషి నిర్మించిన 'క్లియర్‌బోర్డు'లో గాజుపలకకు అటూఇటూ కూర్చున్నట్లుగా, వ్రాతనూ ఎదుటివారి చూపునూ ఒకేసారి గమనించవచ్చు. అది ఇద్దరికే. ఈ రెండూ మన బల్లలపైకి రాలేదు. చౌకైన కెమెరా వచ్చింది.

సవరణ పత్రం పంపుతూ పొరపాటు నాదేనని ఫైలులో వ్రాశాను. ఇప్పుడు ప్రతి అంశం ముగిసేముందు నివేదికను తెరపై నుండి తొలగించి, అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టి పేరుపేరునా అడుగుతున్నాను. సమావేశం పావుగంట పెరిగింది. మొన్న అతడే నా వాక్యం ఒకటి కొట్టివేయించాడు.