ఫోటో చిన్నదైతే పేరెందుకు పోవాలి?

ఒకే పని మూడోసారి చెయ్యాల్సొస్తే దానికో స్క్రిప్ట్ రాసి పారెయ్యడం మన సాఫ్ట్‌వేర్ జనాలకి అలవాటు. ఆ స్క్రిప్టులో ఒక చిన్న ఆప్షన్ ఇంకెవరి కష్టాన్నో చెరిపేస్తోందేమో అని మాత్రం పెద్దగా ఆలోచించం. నాకా సంగతి ఫిల్మ్‌నగర్‌లో తట్టింది.

అక్కడ సినిమా పబ్లిసిటీ చూసే ఒక చిన్న ఆఫీసులో నాకు తెలిసిన కుర్రాడు పనిచేస్తాడు. విడుదలకి ముందు వాళ్ళకి వందలకొద్దీ స్టిల్స్ వస్తాయి. ఒక్కో ఫోటో 6000 బై 4000 పిక్సెళ్ళు. వెబ్‌సైట్లకి 1200 బై 800 చాలు, అంటే అందులో పాతికో వంతు. ఫోటోషాప్‌లో ఒక్కోటీ తెరిచి చిన్నది చేస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

ఈ పని కొత్తదేం కాదు. ఐడిల్‌బ్రెయిన్ మొదలైన 1999 నాటికి చాలామంది ఇళ్ళలో ఉన్నది 56కే మోడెమ్. దాని మీద 5 ఎంబీ ఫోటో దిగాలంటే కనీసం 12 నిమిషాలు. అదే 100 కేబీ ఫోటో అయితే పావు నిమిషం. అమెరికాలో మనవాళ్ళు సినిమా గ్యాలరీలు చూసి మురిసిపోయారంటే, ఇక్కడెవరో ఓపిగ్గా ఫోటోలు చిన్నవి చేసిపెట్టబట్టే.

ఇప్పుడా ఓపిక అక్కర్లేదు, ఇమేజ్‌మ్యాజిక్ ఉంది. 1987లో డ్యూపాంట్ కంపెనీలో ఉండగా జాన్ క్రిస్టీ మొదలుపెట్టి, 1990లో అందరికీ ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. అందులోని మాగ్రిఫై కమాండుకి ఫోల్డర్ చూపిస్తే చాలు, మొత్తం చిన్నవి చేసేస్తుంది. కాకపోతే, వేరే ఫోల్డర్ చెప్పకపోతే అసలు ఫోటోల మీదే రాసేస్తుంది, జాగ్రత్త.

మా కుర్రాడి దగ్గర అప్పటికే నెట్‌లో దొరికిన స్క్రిప్ట్ ఒకటుంది. "రంగులు వెలిసిపోయినట్టు వస్తున్నాయి, కాస్త చూడండి సార్" అన్నాడు. చూస్తే అందులో "మైనస్ స్ట్రిప్" అని ఉంది. ఫోటో ఫైల్లో బొమ్మతో పాటు దాగి ఉండే సమాచారాన్నంతా ఊడ్చేసే ఆప్షన్ అది. కలర్ ప్రొఫైల్ కూడా అందులోనే పోతుంది. అడోబ్ ఆర్‌జీబీలో తీసిన ఫోటో అందుకే నీరసంగా కనిపిస్తుంది. ముందు ఎస్‌ఆర్‌జీబీకి మారిస్తే రంగుల గొడవ తీరిపోయింది.

కానీ అసలు ఫైళ్ళలో ఇంకోటి కనిపించింది. స్టిల్ ఫోటోగ్రాఫర్ గారు ప్రతి ఫోటోలోనూ తన పేరు, కాపీరైట్ వివరం, కింద చిన్న వ్యాఖ్య రాసిపెట్టుకున్నారు. చిన్నవైన ఫోటోల్లో అదేం లేదు. "పేరు పోతోందయ్యా" అంటే, "అది ఎవరు చూస్తారు సార్? మనకి కొన్ని కేబీలు మిగుల్తాయి" అన్నాడు.

నిజమే, చూసేవాళ్ళు తక్కువే. కానీ పాతికేళ్ళు పోయాక అదే ఫోటో నాలుగు సైట్ల వాటర్‌మార్కులతో తిరుగుతున్నప్పుడు, తీసిందెవరో చెప్పగలిగేది ఆ నాలుగు ముక్కలే. పాత సినిమాల స్టిల్స్ చూడండి. హీరో ఎవరో చెప్తాం, చీర ఏ పాటలోదో కూడా చెప్తాం. తీసిన మనిషి పేరు? సినిమా టైటిల్స్‌లో "స్టిల్స్" అని ఒక్క క్షణం కనిపించి పోతుంది, అంతే.

డబ్బిచ్చి తీయించుకున్నాడు కాబట్టి, వేరే ఒప్పందమేదీ లేకపోతే, ఫోటో హక్కు నిర్మాతదే. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అదే అంటుంది. కానీ ఇది తీసింది నేనే అని చెప్పుకునే హక్కు మాత్రం, యాజమాన్యం ఎవరిదైనా, 57వ సెక్షన్ ప్రకారం తీసినవాడికే ఉంటుంది. 2012 సవరణలో 65బి కూడా వచ్చింది. ఇలాంటి వివరాలని అధికారం లేకుండా, తెలిసే తీసేస్తే రెండేళ్ళ దాకా జైలు, పైగా జరిమానా.

అలాగని అన్నీ ఉంచెయ్యమనడం లేదు. ఫోన్‌తో తీసిన ఫోటోల్లో జీపీఎస్ ఉంటుంది. జూబ్లీహిల్స్‌లో ఏ హీరోయిన్ ఇంట్లోనో తీసిన ఫోటో అయితే, ఆ ఇల్లెక్కడో లోకానికి చెప్పినట్టే. అందుకని స్ట్రిప్ తీసేసి రెండు పనులు చేశాను. మొదట మాగ్రిఫైతో ఫోటోని నిటారుగా తిప్పడం, రంగులు మార్చడం, చిన్నది చెయ్యడం. తర్వాత ఎగ్జిఫ్‌టూల్‌తో అంతా తుడిచి, పేరు, కాపీరైట్, వ్యాఖ్య, కలర్ ప్రొఫైల్ మాత్రం ఉంచడం. ఫైలు పెరిగింది మహా అయితే నాలుగైదు కేబీలు. ఇక వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఇదంతా మళ్ళీ పోతుంది, డాక్యుమెంటుగా పంపమని కుర్రాడికి చెప్పాను.

మనం కోడ్ రాస్తే ప్రతి లైను ఎవరు రాశారో గిట్‌లో ఉంటుంది. పొరపాటున వేరేవాళ్ళ పేరు పడితే ఊరుకుంటామా? ఎండలో సెట్ మీద రోజంతా నిలబడి ఫోటో తీసినాయనకి ఆ మాత్రం దక్కాలి కదా. మీ స్క్రిప్టుల్లో ఎక్కడైనా స్ట్రిప్ ఉందేమో ఓసారి గ్రెప్ కొట్టి చూడండి. ఉంటే, ఏం పోతోందో చూసి అప్పుడు ఉంచండి.