ఒక్క వ్యాసం కోసం

మొన్న మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఫోన్ తీశాను. మోకాలి మార్పిడి ఆపరేషన్ గురించి ఓ పత్రికలో వ్యాసం. వచ్చే నెల అత్తయ్యకి అదే. నాలుగు లైన్లు చదివానో లేదో, మిగతాదానికి ఏడాది చందా కట్టమంది. కార్డు ఆయనది, ఓటీపీ ఆఫీసులో ఉన్న ఆయన ఫోన్‌కే.

"ఒక్క వ్యాసానికి ఏడాది డబ్బులా?" అన్నారు.

నిజమే. కొత్తిమీర బండి దగ్గర కూడా పది రూపాయలకి స్కానర్ ఉంది, వీళ్ళకెందుకు లేదు? నెదర్లాండ్స్‌లో బ్లెండిల్ అనే సంస్థ 2014 నుంచి విడి వ్యాసాలు అమ్మి, గిట్టుబాటు కాక 2019లో మానేసింది. రాసేవాళ్ళకీ జీతాలుండాలిగా!

నా బాధ డబ్బు కాదండీ. చదువుకోవడానికి కూడా ఒకరిని అడగాల్సి రావడం. పోపుల డబ్బాలో దాచినవి తీసుకుని రేపు బ్యాంకుకి వెళ్తున్నా, నా పేర ఖాతా తెరవడానికి.

మీ ఇంట్లో ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది?