ఎడమ బల్ల

రెండేండ్ల క్రిందట సైకిలుపైనుండి పడగా మా తల వెనుక కుడిప్రక్క దెబ్బ తగిలెను. గాయము మాని బడికి వచ్చిన దినముననే, హాజరు పలికియు కానరాని యొక బాలుని, దాగియున్నాడని దండించితిమి. వాడు ఎడమ బల్లపైనుండి కదలనే లేదట!

"కన్నులు నిక్షేపముగా నున్నవి, చూపు గ్రహించు మెదడు దెబ్బతిని, రెండింటికిని ఎడమ సగము పోయినది" అని వైద్యుడు చెప్పెను. మెదడున ఏ తావు చెడిన చూపున ఏ భాగము పోవునో, 1904-05 రష్యా జపాను యుద్ధమున తలకు గుండ్లు తగిలిన సైనికులను పరీక్షించి, ఇనౌయే అను జపాను నేత్రవైద్యుడు 1909లో ప్రకటించెను.

పోయిన సగము తిరిగి వచ్చునని వైద్యులు ఆశ పెట్టలేదు. దానివైపు కన్ను త్రిప్పుట నేర్పిరి. పుట ఎడమ అంచున ఎఱ్ఱకాగితపు పట్టీ నుంచి, అది కనబడిన పిదపనే పంక్తి నారంభింపవలెను. తెలుగు ఎడమనుండి మొదలగుట మాకెంత చిక్కో! నలుబదియేండ్లు దాటి మరల ఒకటవ తరగతి చదివినట్లాయెను.

ఇప్పుడు తరగతిలో అడుగిడగానే తల ఎడమకు త్రిప్పి, ఆ బాలుని పేరే మొదట పిలుచుచున్నాము.