అండాల లెక్క

దక్షిణ కొరియా శాస్త్రవేత్త హ్వాంగ్ ఊ-సుక్ కథని ఒక వీరుడి పతనంలా చెప్పడం రివాజు. క్లోన్ చేసిన మానవ పిండాల నుంచి మూలకణాలు తీశానని 2004, 2005లలో ప్రకటించాడు. దేశం అతని పరిశోధన మీద తపాలా బిళ్ల వేసింది. అంతా అబద్ధమని తేలాక 2006 జనవరిలో ‘సైన్స్’ పత్రిక ఆ రెండు వ్యాసాల్నీ వెనక్కి తీసుకుంది.

నాకు మాత్రం ఈ కథలో అండాలే కనిపిస్తాయి. 100 మందికి పైగా స్త్రీల నుంచి 2,000కు పైగా అండాలు! రోజుల తరబడి హార్మోన్ ఇంజెక్షన్లు, తర్వాత అండాశయంలోకి సూది. కొందరికి డబ్బిచ్చారు. ఇచ్చినవాళ్లలో అతని ల్యాబ్‌లోని జూనియర్ పరిశోధకురాళ్లూ ఉన్నారు. స్వచ్ఛందంగానే ఇచ్చారట! గైడ్ సంతకం కోసం గుమ్మం ముందు నిలబడ్డ ఏ స్త్రీనైనా అడగండి, ఆ మాటకి అర్థమేమిటో.

అతను ఆ తర్వాత కుక్కల్నీ ఒంటెల్నీ క్లోన్ చేశాడు. అండాలిచ్చిన ఇద్దరు స్త్రీలు 2006లో, మహిళా సంఘాల అండతో, నష్టపరిహారం కోసం కోర్టుకెక్కారు.